ఎసరు

డబ్బాకి నలుగురు.
నాకు సదువు రాదు గానీ ఈ నెక్క వచ్చు.
పెదజాలరిపేట మునిసిపాలిటీ బల్లో
పదమూడేళ్ళుగా ఎసరు ఎడతన్నాను.
నూట పన్నెండు మంది ఉన్నప్పుడు
ఇరవయ్యెనిమిది డబ్బాలు, పెద్ద గుండిగ,
ఇద్దరం అటూ ఇటూ పట్టుకుని దించీవోళ్ళం.
ఆ గుండిగ ఇప్పుడు బోర్లించి ఉన్నాది,
దాని మీద పిల్లి పడుకుంటాది.

సీటీలేత్తారన్నారు.
సీటీలో పేరొత్తే కాన్వెంటులో సీటొత్తాదట,
ఫీజు గవర్నమెంటోళ్ళే కడతారట.
వార్డాఫీసు కాడ అద్దాల పెట్టెలో
మా గుంటల పేర్లు మడతలెట్టి కలిపినారు.
తుపాను రోజు బోటు కోసం సూసినట్టు
ఆడోళ్ళందరం ఆ పెట్టినే సూసినాం.

ఎవరినంతాను?
గంగులమ్మ కొడుకు టై కట్టుకుని ఎంవీపీ కాలనీ బస్సెక్కతంటే
పేటంతా గుమ్మాల్లోకొచ్చింది.
నానూ వచ్చినాను, సప్పట్లు కొట్టినాను.
ఆ మజ్జానం కొలిసిన బియ్యంలోంచి
ఒక గుప్పెడు తీసి గోనెలో పోసీసినాను.

మరుసటేడుకి పది డబ్బాలు.
పిల్లల్నేరు గదా అనీసి
ఇద్దరు మేడమ్‌లని బదిలీ సేసినారు.
మేడమ్‌లు నేరు గదా అనీసి
ఇంకో పదకొండు మంది ఎల్లిపోనారు.
ఏది ముందో ఏది ఎనకో నాకు తెల్దు.
కాళీ గదిలో బల్లల మీద
పోర్టు కాడ్నించి ఎగిరొచ్చిన బొగ్గుపొడి.
రెండ్రోజులు తుడిసినాను,
మూడో రోజు మానీసినాను.

రేవులో సేపలేరిన దాన్ని నాను.
వల ఇప్పగానే టైగరు రొయ్య ఐసులోకి,
వంజరం తూకంలోకి,
సిన్న పరిగెలు ఇసకలో ఎండడానికి.
కాన్వెంటోళ్ళ సేతులూ అలాంటియే.
ఎర్రయ్య కొడుకు పోలిరాజుకి సీటీ వచ్చింది,
సీటు రానేదు.
నత్తి కదా,
"ఇలాంటి పిల్లలకి మా దగ్గర ఏర్పాటు లేదమ్మా" అన్నారట,
సల్లటి గదిలో, మంచినీళ్ళిచ్చి మరీ.

ఈ యేడు ఆ పెట్టెలో మా మనవరాలి పేరుంది.
ఏసింది నానే.
నూకాలమ్మకి కోడిని మొక్కిందీ నానే.
కాయితం నింపింది ఇందుమతి మేడమ్ గోరు,
తన బల్లోంచి పిల్లని పంపీ కాయితం
తన సేత్తోనే.
ఆవిడ అచ్చరాలు ఎప్పుడూ తిన్నగుంటాయి,
ఆ రోజూ తిన్నగానే ఉన్నాయి.
"ఇరవై కన్నా తగ్గితే మన బడిని
వేరే బళ్ళో కలిపేస్తారు కాసులమ్మా" అన్నారు,
తలెత్తకుండా.
నెక్క నాకు తెలుసు.
రత్తం ఇరవయ్యోది.

పేరొచ్చింది.
కోడిని కోసినాను.
బూట్లకి, బస్సుకి, డాన్సు డ్రస్సుకి సీటీ నేదంట,
నా సెవి దుద్దులు తాకట్టు కొట్టు కాడున్నాయి.
అక్కడ దాన్ని రత్తం అనరు, "రత్నా ఎన్" అంటారు.
వారం తిరక్కుండానే
వారాల పేర్లన్నీ ఇంగ్లీషులో సెప్పింది.
అబద్దమాడను, కడుపు నిండిపోనాది.
"మామ్మా, ఆ కిటికీలోంచి సముద్రం కనపడదే" అనీ అంది,
అన్నాక మళ్ళీ వారాలు మొదలెట్టింది.

ఇవాల పందొమ్మిది.
నాలుగు డబ్బాలు, పైన మూడు గుప్పెళ్ళు.
బియ్యం సరిగానే కొలిసినాను,
గుడ్లే ఇరవై పడ్డాయి నీళ్ళలో.
వరసలో అందరికన్నా ఎనక పోలిరాజు
కంచం సాపి
"ర... ర... రత్తం గుడ్డు నాకెయ్యి" అన్నాడు.

ఏసీసినాను.
పుస్తకంలో అది రాయడానికి గడి నేదు.